ధమని ఏది, సిర ఏది: మీ ఒంటి మీద మీరే చూసుకునే పద్ధతి

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి, మోహన, ఆర్. ఉదయగిరి కొండల మీంచి పరగడుపున వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని సిర వెతకడంతో నాకు రోజు మొదలవుతుంది. తమ ఒంట్లో రక్తం ఎటునుంచి ఎటు పోతుందో వాళ్లందరికీ తెలిసి ఉండాలని నా కోరిక. కొడవలి తెగితే ఏం చెయ్యాలి, పాము కరిస్తే తాడు ఎందుకు కట్టకూడదు, కాలు వాస్తే ఎప్పుడు ఆలస్యం చెయ్యకూడదు అన్న ప్రశ్నలు చాలావరకు ఒక్క తేడా దగ్గరే తేలతాయి. గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే గొట్టం ధమని, గుండెకి తిరిగి తెచ్చేది సిర. ధమనిలో ఒత్తిడి ఎక్కువ, సిరలో చాలా తక్కువ. ఆ తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.

ఒక మెత్తటి తువ్వాలు, సెకన్ల ముల్లున్న గడియారం, బాగా వెలుతురు పడే చోటు ఉంటే చాలు. సూదితో పని లేదు, ఇంట్లో ఎవరూ దాని జోలికి పోవద్దు. డయాలిసిస్ కోసం ఆపరేషన్ చేసిన చేతి మీద గానీ, వాపు ఉన్న చేతి మీద గానీ తువ్వాలు కట్టకండి.

ముందు ధమని

ఎడమ అరచేతిని పైకి తిప్పి పెట్టుకోండి. బొటనవేలి మొదలు నుంచి మోచేతి వైపు రండి. మణికట్టు మడత దాటిన వెంటనే, బయటివైపు ఎముకకీ, నిలువుగా గట్టిగా తగిలే కండర బంధనానికీ నడుమ చిన్న పల్లం ఉంటుంది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు అక్కడ ఆనించండి. బొటనవేలు వాడొద్దు. దాని నాడి దానికి ఉంది కాబట్టి ఎవరిది లెక్కపెడుతున్నామో తెలియకుండా పోతుంది. మెల్లగా మొదలుపెట్టి కొంచెం కొంచెం ఒత్తిడి పెంచండి. ఒకచోట దెబ్బ స్పష్టంగా తగులుతుంది. ఇంకా నొక్కితే ధమని మూసుకుని దెబ్బ పోతుంది. మళ్లీ వదులు చేస్తే తిరిగి వస్తుంది. ఇలా నాలుగైదుసార్లు చేస్తే వేళ్లకి అలవాటవుతుంది.

ఇప్పుడు 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చెయ్యండి. స్థిమితంగా కూర్చున్న పెద్దవాళ్లకి నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండాలి. పసిపిల్లలకి అంతకంటే ఎక్కువ ఉంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఒకేలా లేకపోతే నిమిషం మొత్తం లెక్కపెట్టండి. లెక్క సరిపోయినా ఎడం మారుతూనే ఉంటే డాక్టరుకి చెప్పాల్సిందే. ఆ రెండో సంగతి చాలామంది పట్టించుకోరు.

మీ వేళ్ల కింద తగిలేది అప్పుడే గుండెలోంచి బయల్దేరిన రక్తం కాదు. గుండెలో ఎడమవైపు కింది గది, అంటే ఎడమ జఠరిక, ఒక్కసారి ముడుచుకుంటే దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని బృహద్ధమనిలోకి పోతుంది. ఆ తోపుకి ధమని గోడ సాగుతుంది. ఆ సాగడం అలగా మారి సెకనుకి కొన్ని మీటర్ల వేగంతో మణికట్టు దాకా వస్తుంది. రక్తం దాని వెనక చాలా నెమ్మదిగా వస్తుంది. సాగిన గోడ మళ్లీ దగ్గరకి వచ్చేటప్పుడు లోపలి రక్తాన్ని ముందుకి నెడుతుంది. అందుకే గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో కూడా ధమనుల్లో ఒత్తిడి సున్నాకి పడిపోదు. బీపీ 120, 80 అని చెప్తారు కదా, ఆ 80 ఈ విశ్రాంతి క్షణంలోని ఒత్తిడి. వయసు మీద పడి ధమని గోడలు బిరుసెక్కితే సాగే గుణం తగ్గి పై అంకె పెరుగుతుంది.

బీపీ మిషన్ ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక మాట. ఎండలో నడిచొచ్చి చెయ్యి చాపేస్తే వచ్చే అంకెకి విలువ లేదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేలకి తగలాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చొక్కా చెయ్యి మీంచి పట్టీ చుట్టకూడదు. టీ, చుట్ట, బీడీ అరగంట ముందే మానాలి. మూత్రం పట్టుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది. ఈ పట్టీ పద్ధతిని 1896లో ఇటలీలో రివా-రోచీ తీసుకొచ్చారు. పట్టీ వదులవుతుండగా ధమనిలో వినిపించే చప్పుళ్లని 1905లో రష్యా డాక్టరు కొరోత్కాఫ్ వివరించారు. మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు ఆగిపోయిన చోటు కింది అంకె. నేటికీ చేత్తో చూసే మిషన్‌కి అదే లెక్క.

షుగరున్న వాళ్లు పాదంలో కూడా నాడి చూసుకోవడం నేర్చుకోవాలి. పాదం పైభాగంలో, బొటనవేలికీ పక్కవేలికీ నడుమ గీత వెంట పైకి వస్తే ఒకటి తగులుతుంది. చీలమండ లోపలివైపు ఎముక వెనక ఇంకొకటి ఉంటుంది. పైభాగంలోది కొంతమంది ఆరోగ్యవంతుల్లోనూ దొరకదు, అదొక్కటే చూసి కంగారుపడకండి. రెండు చోట్లా తగలకుండా, పాదం చల్లగా ఉండి, నడిస్తే పిక్క పట్టేస్తూ, ఆగితే తగ్గుతూ ఉంటే మాత్రం కాలి ధమనుల్లో దారి సన్నబడిందేమో చూపించుకోవాలి. మెడలో నాడి చూసేటప్పుడు ఒక్కవైపే చూడండి. రెండువైపులా ఒకేసారి నొక్కకూడదు, అవి మెదడుకి వెళ్లే దారులు.

ఇప్పుడు సిర

సిరలో దెబ్బ ఉండదు. ముంజేతిలో ఆకుపచ్చగా, నీలంగా కనిపించేవి సిరలు. ఆ రంగు చర్మం మీద వెలుతురు పడి తిరిగొచ్చే తీరు వల్ల కనిపించేది, లోపల నీలం రక్తం ఏమీ లేదు. నా గొట్టంలోకి వచ్చేది ముదురు ఎరుపు.

తువ్వాలు సన్నగా మడిచి మోచేతికి పైన నాలుగు వేళ్ల దూరంలో చుట్టండి. ఎంత బిగువు అన్నదే ఇక్కడ కీలకం. కట్టాక మణికట్టు దగ్గర నాడి ఇంకా తగులుతూ ఉండాలి. చెయ్యి కిందకి వేలాడదీసి పిడికిలి బిగించండి. అర నిమిషంలో ముంజేతి సిరలు ఉబ్బుతాయి. ధమనిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి తువ్వాలు దాన్ని ఆపలేదు, రక్తం చేతిలోకి వస్తూనే ఉంది. సిరలో ఒత్తిడి తక్కువ కాబట్టి కొద్దిపాటి బిగువుకే మూసుకుపోయింది. వచ్చిన రక్తానికి తిరిగి వెళ్లే దారి లేక కింద ఉబ్బింది. నాడి ఆగిపోయేంత బిగిస్తే సిరలు ఉబ్బవు, చెయ్యి పాలిపోతుంది.

ఉబ్బిన సిర వెంట చూస్తే అక్కడక్కడా చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అవి కవాటాలు, అంటే రక్తాన్ని గుండె వైపే పోనిచ్చే చిన్న తలుపులు (వాల్వులు). ఒక బుడిపెకి కాస్త కింద, మణికట్టు వైపు, సిర మీద ఒక వేలు నొక్కి పట్టుకోండి. రెండో వేలితో అక్కణ్ణుంచి మోచేతి వైపు బుడిపె దాటేదాకా సిరని రుద్దుతూ పోయి ఆ వేలు తీసెయ్యండి. మొదటి వేలికీ బుడిపెకీ మధ్య భాగం ఖాళీగా పడి ఉంటుంది. పైన రక్తం నిండుగా ఉన్నా కిందకి దిగదు. ఇప్పుడు మొదటి వేలు ఎత్తండి. కింద నుంచి క్షణంలో నిండుతుంది. చూశాక వెంటనే తువ్వాలు విప్పెయ్యండి, నిమిషం కంటే ఎక్కువ ఉంచొద్దు. లావుగా ఉన్నవాళ్లకి, చిన్నపిల్లలకి ఇది సరిగా కనిపించదు. కాయకష్టం చేసే వాళ్ల చేతుల్లో చక్కగా కనిపిస్తుంది.

ఈ పరీక్ష ఇంగ్లండు డాక్టరు విలియం హార్వే 1628లో బొమ్మలు వేసి మరీ ప్రచురించింది. ఆ కవాటాలని ఆయన గురువు ఫాబ్రీషియస్ ఇటలీలోని పాడువాలో అప్పటికే చూపించారు గానీ అవి ఎందుకున్నాయో సరిగ్గా పట్టుకున్నది హార్వే. అంతకుముందు పధ్నాలుగు వందల ఏళ్లుగా, కాలేయం తిండి నుంచి రక్తం తయారుచేస్తుందనీ, ఒళ్లు దాన్ని వాడేసుకుంటుందనీ నమ్మేవారు. హార్వే లెక్క వేశారు. ఆ లెక్క మీరూ వెయ్యొచ్చు. దెబ్బకి 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 దెబ్బలు అనుకోండి. నిమిషానికి దాదాపు 5 లీటర్లు. పెద్ద మనిషి ఒంట్లో ఉన్న రక్తమే సుమారు 5 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల రక్తం పుట్టించే తిండి ఎవరూ తినలేరు. కాబట్టి అదే రక్తం తిరిగి తిరిగి వస్తోంది. మణికట్టు మీద వేళ్లు పెట్టి చేసిన ఈ గుణకారం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తుంది.

ధమనుల చివర నుంచి సిరల మొదలుకి రక్తం ఎలా దాటుతుందో హార్వే చూడలేకపోయారు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పిఘీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తులని చూసి కేశనాళికలని కనుక్కున్నారు. ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటిగా దూరేంత సన్నని దారులవి. ప్రాణవాయువు, తిండి కణాలకి చేరేది అక్కడే. వాటి పనితనం కూడా చూసుకోవచ్చు. చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, గోరుని ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. చలికి చేతులు గడ్డకట్టి ఉంటే ఆలస్యమవుతుంది.

సిర గోడ పలచన, లోపలి ఖాళీ ఎక్కువ. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒంట్లో రక్తంలో మూడింట రెండు వంతుల దాకా సిరల్లోనే ఉంటుంది. అందుకే రక్తదానంలో 350 మిల్లీలీటర్లు ఇచ్చినా ఆరోగ్యవంతులు తట్టుకుంటారు, సిరలు కాస్త ముడుచుకుని లోటు సర్దేస్తాయి. గుండెకి బైపాస్ ఆపరేషన్ చేసేటప్పుడు కాలి సిర ముక్కని తీసి, మామూలుగా తలకిందులు చేసి కుడతారు. ఉన్నట్టే కుడితే దాని కవాటాలే రక్తానికి అడ్డుపడతాయి.

రక్తం తీసేటప్పుడు

మోచేతి మడత మధ్యలో అడ్డంగా వెళ్లే సిర నాకు మొదటి ఎంపిక. లోపలి అంచున ఉన్నదాని దగ్గరే ధమనీ, చేతికి స్పర్శా కదలికా ఇచ్చే ముఖ్యమైన నరమూ ఉంటాయి కాబట్టి అటు చివరికి గానీ పోను. కంటికి కనిపించిన దాని కంటే వేలికి తగిలిన దాన్నే నమ్ముతాను. నొక్కి వదిలితే మెత్తగా పైకి వస్తే సిర, కొట్టుకుంటే ధమని, గట్టిగా కదలకుండా ఉంటే కండర బంధనం. పట్టీ కట్టి నిమిషం దాటితే రక్తం చిక్కబడి రిపోర్టు మారిపోతుంది. పిడికిలి పదే పదే తెరిచి మూస్తే పొటాషియం అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే “పిడికిలి పట్టి ఉంచండి, ఆడించొద్దు” అని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్తూనే ఉంటాను. పరగడుపు అంటే మంచినీళ్లు కూడా తాగకూడదని చాలామంది అనుకుంటారు. డాక్టరు వద్దని చెప్తే తప్ప నీళ్లు తాగి రండి. నీరు తగ్గితే సిరలు చిక్కిపోతాయి. చలికాలంలో కొండ మీంచి వచ్చినవాళ్ల చేతులు కాసేపు దుప్పట్లో వెచ్చబెట్టాకే నేను పట్టీ కడతాను.

గొట్టంలో రంగు చూసి ముసలమ్మలు అడుగుతుంటారు: “ఏటి తల్లీ, రగతం ఇంత నల్లగుంది? చెడిపోనాదేటి?” చెడిపోలేదు మామ్మా అని చెప్తాను. విశ్రాంతిలో సిరల రక్తంలో కూడా నూటికి డెబ్బై పాళ్ల దాకా ప్రాణవాయువు మిగిలే ఉంటుంది. సిరల రక్తాన్ని చెడు రక్తం అనడం, దాన్ని గాట్లు పెట్టి తీయించుకోవడం రెండూ మానాలి. ఇంకో మెలిక కూడా ఉంది. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకి పోయే పుపుస ధమనిలో ప్రాణవాయువు తగ్గిన రక్తమే ఉంటుంది. అక్కణ్ణుంచి ఎడమవైపుకి వచ్చే పుపుస సిరల్లో ప్రాణవాయువు నిండిన రక్తం ఉంటుంది. రంగుని బట్టి కాదు, దిక్కుని బట్టి గుర్తుపెట్టుకోండి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకి తిరిగి తెచ్చేది సిర.

కాళ్ల సంగతి

కదలకుండా నిలబడిన మనిషికి చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. గుండె దాకా నిలబడిన రక్తపు బరువది. నడక మొదలుపెడితే పిక్క కండరం ముడుచుకున్నప్పుడల్లా సిరని నొక్కి రక్తాన్ని పైకి పంపుతుంది, సైకిల్ ట్యూబులో గాలి వెనక్కి రానట్టే కవాటాలు దాన్ని కిందకి దిగనివ్వవు. ఒత్తిడి మూడో వంతుకి పడిపోతుంది. అందుకని పొయ్యి ముందు గంటల తరబడి నిలబడే మిఠాయి కొట్ల వాళ్లకి, కొట్లో కౌంటరు దగ్గర నిలబడే పిల్లలకి నేను చెప్పేది ఇదే. మడమలు ఎత్తి దించుతూ ఉండండి, గంటకోసారి నాలుగడుగులు వెయ్యండి, రాత్రి పడుకునేటప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోండి. కవాటాలు పాడైతే సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. అలా ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే నిలబడి చూస్తూ ఉండిపోకండి. వెల్లకిలా పడుకుని, కాలు గుండె కంటే ఎత్తుగా పెట్టి, గుడ్డతో నొక్కి పట్టుకుంటే చాలావరకు ఆగిపోతుంది. ఆగాక డాక్టరుకి చూపించండి.

రెండు కాళ్లూ సాయంత్రానికి కాస్త బరువెక్కడం వేరు. ఒక్క పిక్కే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. మన వైపు అలాంటి కాలికి నూనె రాసి గట్టిగా పిసుకుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. గడ్డ కదిలితే సిరల వెంట గుండెకీ, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకీ పోయి ప్రాణం తీస్తుంది. ఆపరేషన్ అయినవాళ్లు, కొత్తగా ప్రసవించినవాళ్లు, చాలా రోజులు మంచం మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఊపిరి అందకపోతే అదే నిమిషం 108కి ఫోన్ చెయ్యాలి. బోదకాలు వాపు సంగతి వేరు, అది రక్తనాళాలది కాదు, కణాల మధ్య చేరిన నీటిని తిరిగి రక్తంలో కలిపే శోషరస (లింఫ్) నాళాలది. దాని వైద్యమూ వేరే.

తెగినప్పుడు, కరిచినప్పుడు

కోతల రోజుల్లో కొడవలి గాయాలు ఎన్నో చూస్తాం. ధమని తెగితే రక్తం ఎర్రగా, గుండె దెబ్బతో పాటు ఎగజిమ్ముతుంది. సిర తెగితే ముదురు రంగులో ఒకే ధారగా కారుతుంది. రెండింటికీ మొదటి పని ఒక్కటే: శుభ్రమైన గుడ్డ పెట్టి, గాయం మీదే, గట్టిగా, పది నిమిషాలు వదలకుండా నొక్కడం. మధ్యలో ఎత్తి చూడకండి, అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టండి. పసుపు, కాఫీ పొడి, సున్నం కుక్కొద్దు. చేతికో కాలికో తగిలిన గాయం అలా నొక్కినా ఎగజిమ్ముతూనే ఉంటే అప్పుడు మాత్రం గాయానికి పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డతో రక్తం ఆగేదాకా బిగించి, ఎన్ని గంటలకి కట్టారో రాసి ఆసుపత్రికి పరిగెత్తండి. దారిలో విప్పకండి. ధమనిని ఆపడానికి చాలా బిగువు కావాలి, వదులు కట్టు సిరని మాత్రమే మూసి రక్తాన్ని ఇంకా ఎక్కువ పోనిస్తుంది.

పాము కరిస్తే అదే కట్టు హాని చేస్తుంది. బిగించి కడితే ధమని మూసుకుపోయి చెయ్యో కాలో కుళ్లిపోయే ప్రమాదం ఉంది, విప్పగానే విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోవచ్చు. కోసి పీల్చడం ఇంకా తప్పు. ఉంగరాలు, కడియాలు, పట్టీలు తీసేసి, కరిచిన చోటు కదలకుండా కర్ర ఆసరాగా వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కండరం కదిలితే సిరల్లో, శోషరస నాళాల్లో ప్రవాహం పెరుగుతుంది. కదలకుండా ఉంచడంలో ఉన్న కిటుకు అదే.

ధమనినీ సిరనీ కలిపేసిన చేతులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనకి దూరం కాదు. కవిటి, సోంపేట వైపు బంధువులున్న ఇళ్లు పర్లాకిమిడిలో చాలా ఉన్నాయి, కిడ్నీ జబ్బు కారణం పూర్తిగా తేలకుండానే ఆ పల్లెల్ని పీడిస్తోంది. డయాలిసిస్ చేయించుకునే వాళ్ల ముంజేతిలో ధమనిని పక్కనున్న సిరకి నేరుగా కుడతారు. 1966లో న్యూయార్క్ డాక్టర్లు ప్రచురించిన పద్ధతి ఇది, ఫిస్టులా అంటారు. డయాలిసిస్ మిషన్‌కి నిమిషానికి కొన్ని వందల మిల్లీలీటర్ల రక్తం కావాలి, మామూలు సిర అంత ఇవ్వలేదు. కేశనాళికల మీదుగా కాకుండా ధమని తోపు నేరుగా తగిలేసరికి ఆ పలచని సిర వారాలు, నెలలు గడిచేకొద్దీ వెడల్పయి, గోడ దళసరెక్కి, పెద్ద సూదిని తట్టుకునే స్థితికి వస్తుంది.

ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఇది నేర్చుకోండి. ఆ కుట్టు మీద మూడు వేళ్లు మెల్లగా ఆనిస్తే ఝుమ్మని అదురు తగులుతుంది. పొద్దునా సాయంత్రం చూడండి. ఆ చేతికి బీపీ పట్టీ వెయ్యనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, బిగువు గాజులు, వాచీ తొడగొద్దు, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోనివ్వొద్దు. బరువులు ఎత్తించొద్దు. ల్యాబ్‌కి వచ్చినప్పుడు అడక్కముందే రెండో చెయ్యి చాపమనండి. అదురు తగ్గినా, ఆగినా, ఆ చోట ఎర్రగా వాచినా రేపటి దాకా చూడకుండా అదే రోజు డయాలిసిస్ సెంటరుకి ఫోన్ చేసి బయల్దేరండి. గడ్డకట్టిన ఫిస్టులాని గంటల్లో అందుకుంటే తిరిగి తెరిచే అవకాశం ఉంటుంది.